నానిన మట్టి చెప్పిన అంకె

ఎండిన నల్లరేగడి గడ్డ మీద నీళ్లు పోస్తే సన్నగా చిటపటమంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే గానీ వినబడదు. నిన్న మా మట్టి పరీక్షశాలలో ఆ చప్పుడు విని, చేతిలో పని అలాగే ఆపేసి కూర్చున్నాను. అది వినడం నాకు నేర్పింది శకుంతల మేడం. తెలంగాణ వచ్చిన కొత్తలో, నారాయణపేటలో, నా మొదటి ఉద్యోగం ఆమె కిందే. తిరుమలగిరి వైపు గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టి ఇంజనీరైన మనిషి. నవ్వు తక్కువ, నడక ఎక్కువ. ఆమె వెంట ఎండలో తిరగలేక మేం చాటుగా సణుక్కునేవాళ్లం.

ఆ వేసవిలో నేతవాళ్ల కోసం ఒక షెడ్డు కట్టాల్సి వచ్చింది. వాళ్ల ఇళ్లలో ఉన్నవి గుంత మగ్గాలు. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తారు. వానలు పడితే ఆ గుంతల్లో నీళ్లు ఊరతాయి, మగ్గం ఆగిపోతుంది. అందుకే వానలకు ముందే షెడ్డు కావాలని అందరికన్నా గట్టిగా పోరింది నరసమ్మ అనే పెద్దావిడ. కొడుకు సంపాదన అంతంత మాత్రం, ఇల్లు గడిచేది ఆమె నేతతోనే.

పునాది లెక్కకు మట్టి గట్టిదనం తెలియాలి. గుంత తవ్వి, అడుగున ఇనుప పలక పెట్టి, జాకీతో నొక్కి, ఎంత బరువుకు ఎంత కుంగిందో చూస్తాం. ఆ రెండింటి లెక్కే గట్టిదనపు అంకె. మే నెల ఎండకు మట్టి బండలా ఉంది, పలక కదిలితే ఒట్టు. ఇంత మంచి అంకె వచ్చిందని మేమంతా సంబరపడ్డాం. మేడం మాత్రం గుంతలోకి దిగి, ఒక గడ్డ పెళ్లగించి, దాని మీద సీసాలో నీళ్లు వంచి నా చెవి దగ్గర పెట్టారు.

"ఇంటున్నవా? లోపల పగుల్తాంది. గిది ఎండకాలం మట్టి చెప్పిన జవాబు. షెడ్డు వానకాలం గూడ నిలవడాలె గద. గుంతల నీళ్లు నింపు, నానినంక మల్ల అడుగుదాం."

నానబెట్టి నొక్కితే పలక కళ్లముందే దిగబడింది. పైగా మన పలక చిన్నదనీ, అది పైపొరనే అడుగుతుందనీ, షెడ్డు బరువు ఇంకా లోతుకు పోతుందనీ, కాబట్టి పలక చెప్పిన అంకెను ఉన్నదున్నట్టు పునాదికి వాడకూడదనీ ఆమె వివరించారు. ఒక మట్టికి ఒకే అంకె ఉండదని, ఎప్పుడు అడిగాం, ఎంత వెడల్పున అడిగాం అన్నదాన్ని బట్టి అది మారుతుందని అప్పుడు తలకెక్కింది. కాలేజీలో చదివి పాసైన పాఠమే మరి.

నల్లమట్టి తీసేసి, మొరం నింపి, దిమ్మిస కొట్టాలని తేలింది. అదంతా అయ్యేలోపు వానలు వచ్చేస్తాయి. మొదటి అంకెతోనే కానిచ్చేయమని పైవాళ్లు ఒత్తిడి చేశారు. మేడం సంతకం పెట్టలేదు. ఎవరితోనో కబురు పంపకుండా తానే నేతవాడకు వెళ్లి, షెడ్డు ఈ ఏడు కాదని చెప్పారు.

"మగ్గం ఆగితే పొయ్యి ఆగుతది మేడం. గీ వానకాలం ఎట్ల ఎల్లదీయాలె?" అని అడిగింది నరసమ్మ.

"కష్టమేనక్కా, నాకు తెలుసు. తొందరపడి కడితే గోడ మీ మీదనే కూలుతది. అందుకే సంతకం పెట్టలే."

ముసురు పట్టిన ఒకరోజు నన్ను జీపులో ఎక్కించుకుని ఆమె నేరుగా నరసమ్మ ఇంటికి వెళ్లారు. గుంత నిండా నీళ్లు. సగం నేసిన చీరను పైకి చుట్టి తాళ్లతో దూలానికి కట్టారు. మేడం కొంగు నడుముకు చెక్కుకుని, చెంబు అందుకుని నీళ్లు తోడటం మొదలుపెట్టారు. నరసమ్మ వద్దంటున్నా వినలేదు. నేను బకెట్ పట్టుకున్నాను. తోడేకొద్దీ ఊరుతూనే ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో తడిసిన కొంగు పిండుకుంటూ అన్నారు. "ఆగుమని చెప్పినోళ్లు, ఆ ఆగుడు ఎట్లుంటదో వచ్చి చూడాలె." ఆమె మీద గౌరవం నాకు ముందు నుంచీ ఉంది. ప్రేమ పుట్టింది మాత్రం ఆ రోజే.

షెడ్డు మరుసటి వేసవిలో లేచింది. మొన్న వెళ్లి చూశాను. చుట్టుపక్కల గోడలు వేలు దూరేంతగా పగిలి ఉన్నాయి, ఇది మాత్రం చెక్కుచెదరలేదు. నరసమ్మ మగ్గం మీద ఇప్పుడు ఆమె కోడలు నేస్తోంది. ఈ సంగతి చెబుదామంటే మేడం ఇప్పుడు ఈ లోకంలో లేరు.

నిన్నటి గడ్డ నల్లగొండ వైపు ఒక ఊరికి వేయబోయే రోడ్డుది. నానబెట్టిన మట్టిని ఇవాళ నొక్కి చూస్తే, ఎండుమట్టి చెప్పిన అంకెలో సగం కూడా రాలేదు. అక్కడా మట్టి మార్చాల్సిందే, ఈ వానలకు ఆ ఊరికి రోడ్డు లేనట్టే. ఊరివాళ్లకు ఈ మాట ఎవరు చెప్తారని కాంట్రాక్టరు ఫోన్లో అడిగాడు. నేనే వచ్చి చెప్తానన్నాను. వానలు పడ్డాక ఆ బురదలో వాళ్లతో నడవడానికి మళ్లీ వస్తానని కూడా చెప్పాను.