సారు వెతికిన మూడో దారి

మా సారు పోయారని కిందటి నెల ఒకరోజు పొద్దున నందిగామ ఆఫీసుకి ఫోనొచ్చింది. ఆసుపత్రిలో తీసిన ఆయన ఈసీజీ మా లైను మీదే బెజవాడ డాక్టరుకి వెళ్లిందట. ఆలస్యం కూడా కాలేదట. అయినా ఆయన దక్కలేదు.

నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఇళ్లకీ ఆసుపత్రులకీ కాలేజీలకీ ఇంటర్నెట్టు ఇచ్చే చిన్న కంపెనీ మాది. బెజవాడలోని రెండు పెద్ద కంపెనీల దగ్గర లైన్లు తీసుకుంటాం. ఏ ట్రాఫిక్ ఏ లైను మీద పోవాలో, ఒకటి తెగితే రెండోదానికి ఎలా మళ్లాలో రౌటర్‌కి నియమాలు రాసేది ఆయనే. దాన్ని బీజీపీ అంటారు. చేరిన కొత్తలో నేను బిక్కమొహం వేస్తే ఓపిగ్గా చెప్పారు.

"ఒక లైన్లోకి ఎక్కువ రాకూడదనుకో అమ్మా, అటువైపు మన నెట్‌వర్కు నంబరు ఒకసారికి బదులు మూడుసార్లు చెప్తాం. మూడు మజిలీలున్నాయి, దారి పొడుగనుకుని బయటివాళ్లు రెండో లైన్లో వస్తారు."

"మోసం కాదా అండీ?"

"మర్యాదగా వద్దనడం. అయినా కొందరొస్తారు. పంపేది మన ఇష్టం, వచ్చేది వాళ్లిష్టం."

నియమం మార్చి ఎంటర్ నొక్కే ముందు చెప్పులు విప్పేవారు. మేం నవ్వితే తనూ నవ్వేవారు గానీ, చెప్పులు మాత్రం విప్పేవారు. ఈ పని నాకు అబ్బిందంటే ఆయన చలవే.

ఒక వానాకాలం రెండు లైన్లూ ఒకేసారి పోయాయి. నియమాల్లో తప్పేం లేదు. ఆయన బండేసుకుని బెజవాడ దారిలో ఉన్న కీసర వెళ్లి చూస్తే, రెండు కంపెనీల కేబుళ్లూ మునేరు వంతెనకి కట్టిన ఒకే గొట్టంలో ఉన్నాయి, ఏటి వరద ఆ గొట్టాన్ని తెంపేసింది. "కంపెనీలు రెండు గానీ దారి ఒక్కటేనమ్మా," అన్నారు వచ్చి. ఆ తర్వాత మబ్బు పట్టిందంటే ఆయనకి అన్నం సయించేది కాదు.

మునేరు దాటకుండా, హైదరాబాదు వైపు నుంచి జగ్గయ్యపేట మీదుగా మూడో లైను కావాలని ఎంతమంది చుట్టూ తిరిగారో. చివరికి ఒక కంపెనీ ఒప్పుకుంది. ఆ వారంలోనే ఆయన పోయారు. అన్నాళ్లు తిప్పినవాళ్ల మీద నాకింకా కోపమే.

నిన్న ఆ లైను వచ్చింది. నియమాలు నేనే రాశాను. ట్రాఫిక్ ఎటు పోతోందో చూద్దామని పరీక్ష పెడితే, జగ్గయ్యపేట దాకా వెళ్లి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి బెజవాడ చేరింది. కంపెనీవాళ్లకి ఫోన్ చేశాను.

"మా మెయిన్ లైను బెజవాడ నుంచేనండి, కీసర మీదుగా," అన్నారు తాపీగా.

ఈ మాట చెప్పుకోవడానికి ఆయన లేరు. నాకు భయంగా ఉంది. మునేరు ఎగువన ఖమ్మం వైపు వాన తెరిపివ్వడం లేదు. ఇందాక ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "వానకి నెట్టు ఆగదుగా అండీ?" అని అడిగారు. రౌటర్ వైపు చూశాను. మూడు లైన్ల దీపాలూ పచ్చగా వెలుగుతున్నాయి.