వలపటెద్దుతో కుప్పం దాకా

తెల్లవారి ఆరు గంటలకు మదనపల్లె మిషను ఆసుపత్రి క్వార్టర్సు తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసి మా గూడుబండి ఎక్కాము. కాంపౌండరుగా పనిచేసి రిటైరైన నాకు వేరే ఇల్లు లేదు, పిల్లలూ లేరు. బాడుగ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం కన్నా బండినే ఇల్లు చేసుకుని, ఊరూరా చర్చి ఆవరణల్లో దిగుతూ, మిగిలిన కాలం తిరుగుదామన్నది నా ఆలోచన. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఇరుగుపొరుగు నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నాకు భయమల్లా నా భార్య మార్త గురించే. ఆమె ఒప్పుకున్నది కుప్పం వరకే.

"కుప్పంలో మా తమ్ముడుండాడు. ఆడిదాకా వస్తా. ఈ బతుకు నాకు పడితే సరే, పడకపోతే వాడింట్లోనే ఉండిపోతా. మీ బండి మీ ఇష్టం," అని ముందే చెప్పింది. అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

ఇలా బయల్దేరాలనుకునేవారికి పనికొస్తుందని చెబుతున్నాను. బండిలో రెండు పరుపులు, రాగిపిండి మూట, రెండు తపేలాలు, లాంతరు, బైబిలు, నా మందులపెట్టె పట్టాయి. యుద్ధం రోజులు కనుక కిరసనాయిలు దొరకడం కష్టం, పొద్దుండగానే వండుకుని తినాలి. పుంగనూరు దాకా బాడుగ ఎద్దులు, వాటి మనిషి వచ్చారు. మధ్యాహ్నం దాటాక చేరాము. వాళ్ళు అక్కడినుంచే వెనక్కి మళ్ళారు.

మరుసటి రోజు సంతలో ఎద్దులు కొన్నాను. దళారి ఒక తెల్లెద్దు నుదురు చూపించి, "ఈ సుడి సూడప్పా, ఇంటికి కలిసొస్తాది," అన్నాడు. సుడులూ శకునాలూ మా మతంలో లేవని, దేవుడు చేసిన ఎద్దు ఏదైనా మంచిదేనని అతనికి చిన్న ప్రసంగమే చేశాను. రోగిని చూసినట్టు పళ్ళు, నాలుక, గిట్టలు చూసి ఆ తెల్లదాన్ని ఒకరి దగ్గర, ఒక ఎర్రదాన్ని ఇంకొకరి దగ్గర బేరం చేశాను.

"అప్పా, రెండూ వలపటివే. దాపటికి ఇంకోటి సూసుకో," అన్నాడు దళారి.

అంటే కుడివైపు కట్టేవి, ఎడమకు వేరేది కావాలని. కుడి మంచిది, ఎడమ చెడ్డది అనే ఇంకో శకునం కాబోలు అనుకున్నాను. "కుడి ఎడమల పట్టింపు మాకు లేదులే," అన్నాను. అతను దండం పెట్టి పక్కకు పోయాడు. మార్త పక్కనే నిలబడి ఉంది. ఏమీ అనలేదు. ఆమెకూ నచ్చాయనుకుని సంతోషించాను.

తెల్లదాన్ని కుడికి, ఎర్రదాన్ని ఎడమకు కట్టి పలమనేరు దోవ పట్టాము. ఊరు దాటకముందే ఎర్రది మొండికేసింది. తల తిప్పి తిప్పి ఎడమకే లాగుతుంది. పగ్గం ఎంత బిగబట్టినా బండి రోడ్డు అంచుకు పోయేది. కొత్త కాడి కదా, సర్దుకుంటుందిలే అన్నాను. మార్త గూట్లో కమ్మీ పట్టుకుని కూర్చుని ఉంది. చీకటి పడేవేళకు పలమనేరు చేరి సంగటి ముద్ద మింగి పడుకున్నాము.

మూడోనాడు ఉదయం వి.కోట దోవలో ఒక దిగుడు వచ్చింది. కుడివైపు గుట్ట, ఎడమవైపు లోయ. బండి బరువంతా ఎద్దుల మెడల మీదికి తోసుకొస్తున్నది. సరిగ్గా అప్పుడే కిందినుంచి, పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సు పొగ కక్కుతూ ఎక్కుతోంది. ఎర్రది బెదిరి ఎడమకు తోసింది. ఎడమ చక్రం కింద రాళ్ళు జారి లోయలో పడిన చప్పుడు విన్నాను. పగ్గం లాగితే తెల్లది తిరగబడుతుంది, వదిలితే ఎర్రది లోయలోకి దింపుతుంది. ప్రభువా అని కూడా అనలేకపోయాను.

వెనక్కి చూస్తే గూట్లో మార్త లేదు. ఎప్పుడు దూకిందో, ఎర్రెద్దుకూ లోయకూ మధ్య, అడుగు పెట్టడానికి కూడా సరిగ్గా చోటులేని అంచున నిలబడి ముకుతాడు పట్టుకుంది. దాని డొక్కకు తన భుజం ఆనించి, "హో, హో, నేనుండాను పద," అంటోంది. ఎర్రది చెవులు దించింది. బుద్ధిగా రోడ్డు మీదికి నడిచింది. చక్రం అంచు వదిలింది.

"ఏమప్పా, సావాలని వస్తిరా?" అని బస్సు డ్రైవరు అరుచుకుంటూ పోయాడు.

దిగుడు కింద చక్రానికి రాయి పెట్టి కూలబడ్డాను. నీకు ఇదెలా తెలుసని అడిగాను.

"వలపటెద్దుకు ఎడమ పక్క జత ఉండాల. ఆ పక్క ఏమీ లేకపోతే ఎతుక్కుంటా ఆ పక్కకే పోతాది. మా నాయన సేద్యగాడు, నాకు తెలీదా? సంతలో ఆయప్ప సెప్పినాడు గదా, ఇన్లేదా?"

"తెలిసీ అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పొలిమేర దాటకముందే మీరే ఇసుక్కొని, ఈ తిరుగుడు మానుకొని బండి వెనక్కి తిప్పుతారనుకుంటి. మీ మొండితనం ఈడిదాకా వస్తాదని తెలీలేదు. నిన్న రాత్రే సెప్పాలనుకుంటి. నోరు రాలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చేవాళ్ళం కదా అన్నాను. "అవును," అంది. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో తేల్చుకునే ఓపిక ఆ ఎండలో ఎవరికీ లేదు. ఆమె లేచి మళ్ళీ ఎర్రెద్దు ఎడమపక్కకు వెళ్ళి నిలబడింది.

అలా నడుస్తూనే వి.కోటకు, మర్నాడు శాంతిపురానికి, ఆ మరునాడు మధ్యాహ్నానికి కుప్పానికి వచ్చింది. నేను బండి మీద, ఆమె నేల మీద. నేను నడుస్తానంటే, "మీరు తాకితే అది బెదరతాది," అంది. మజిలీల్లో ఆమె అరికాళ్ళ బొబ్బలకు మందు రాసి గుడ్డ కట్టాను.

కుప్పంలో బావమరిది దానియేలు అక్క కాళ్ళు చూసి నన్ను కొట్టేటట్టు చూశాడు. "బావా, ఎద్దు సంగతి నేను సూస్తా. అక్క సంగతి అక్కే సెప్పల్ల," అన్నాడు. ఆమెకు గాలి వచ్చే గది, మంచం ఇచ్చాడు. నేను వీధిలో బండిలోనే పడుకున్నాను. మూడు రోజులు ఆమె హాయిగా నిద్రపోయింది. ఉంటావా, వస్తావా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. దానియేలు శాంతిపురం రైతుకు ఎర్రదాన్ని ఇచ్చి నికరమైన దాపటెద్దును మార్చుకొచ్చాడు. దాని పక్కన ఇక మనిషి నడవనక్కరలేదు. అది చూసి సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు.

పింఛను పని మీద మళ్ళీ మదనపల్లె దోవ పట్టాలి. నాలుగోనాడు తెల్లవారి ఒక్కణ్ణే బండి కట్టాను. రెండెద్దులూ జోడుగా, గొడవ లేకుండా నిలబడ్డాయి. పక్కిళ్ళ వాళ్ళు అరుగుల మీదికి వచ్చారు. మార్త గుమ్మంలో నిలబడి ఉంది. దోవలో మజిలీలు, నీళ్ళు, గడ్డి అన్నీ బాగానే ఉంటాయి. అయినా ఆ దోవ ఒక్కడికి చాలా పొడుగని అప్పుడు తెలిసింది. పగ్గాలు సర్దుకుని బండి ఎక్కాను.

బండి కదిలింది. నాలుగిళ్ళు దాటాక చూస్తే, చెప్పులు చేతపట్టుకుని కట్టుకట్టిన కాళ్ళతో ఆమె పక్కనే నడుస్తోంది.

ఆపి, "ఎక్కు మార్తా," అన్నాను.

"ఊరు దాటినాక ఎక్కుతా, పదండి," అంది. "అందరూ సూస్తాండారు. మీరు నన్ను ఎక్కించుకొని పోతాండారని ఎవురూ అనుకోకూడదు. నేనే వస్తాండా."