మల్లప్ప ముట్టని పెట్రోలు

మల్లప్ప కారులో పెట్రోలు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. దాన్ని తాగే భాగ్యం మాత్రం ఇంజనుకు లేదు. సీఎన్‌జీ గ్యాసు ఉన్నంతసేపు ఆ కారు నడుస్తుంది, అయిపోతే బంకు దాకా తోయించుకుంటుంది. తోసేది ప్రయాణికులు.

కోకాపేటలో అద్దాల మేడలు వారానికో అంతస్తు లేస్తున్న రోజులవి. కనకమామిడి నుంచి అక్కడి ఆఫీసుకు రోజూ ఆ కారులోనే పోయే రేణుక, మెడలో కంపెనీ కార్డు వేసుకోకముందే చున్నీ నడుముకు బిగించుకునేది. దారిలో ఉన్నది ఒక్కటే గ్యాసు బంకు. దాని ముందు కార్ల బారు చూస్తే ఎవరికైనా దిగులు పుట్టేది.

“కాకా, ఆ స్విచ్చి పెట్రోల్ మీదికి తిప్పరాదే?” అని తోస్తూ అడిగేది.

“గ్యాసంటే ఏందనుకున్నవ్ బిడ్డా? పొగ రాదు, చప్పుడు రాదు.”

“డిక్కీల జాగ రాదు, ఎత్తు ఎక్క రాదు, టైముకు ఆఫీసు రాదు!”

“టెస్టింగ్ కొలువు చేసేదానివి, నీకన్నీ తప్పులే కనబడ్తయ్. జర గట్టిగ తొయ్యి.”

ఒకసారి ఎంకపల్లి దగ్గర, పక్క సీటులో కూర్చున్న మరో ప్రయాణికుడు సాయిచంద్ దొంగచాటుగా ఆ స్విచ్చి నొక్కాడు. ఇంజను గొంతు మారిందని పది గజాల్లోనే కనిపెట్టిన మల్లప్ప, స్విచ్చికి అడ్డంగా టేపు అంటించి, వారం రోజులు అతనితో మాట్లాడలేదు. పచ్చి పిసినారి అని అందరూ తేల్చేశారు. రేణుక అందరికంటే గట్టిగా అన్నది.

రేణుక తల్లి అరుణమ్మకు కిడ్నీలు పాడై ఏడాది. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆ వానాకాలం నాలుగు రోజుల ముసురుకు దారి మునిగి, ఒకటి తప్పిపోయింది. ఐదోనాడు పొద్దున దారిలో నీళ్లు తీశాయి గానీ, ఆమెకు ఊపిరి అందలేదు. కాళ్లు వాచాయి, పెదాలు నల్లబడ్డాయి. అంబులెన్సు ఇంకెవరికోసమో పోయింది, గంట పడుతుందన్నారు.

రేణుక మల్లప్పకు ఫోను చేసింది. “కాకా, అవ్వకు దమ్ము ఆడుతలేదు. గ్యాసు లేకుంటే నేను తోస్త...”

ఫోను కట్టయింది. పిసినారి పీనుగ అని తిట్టుకుని ఏడ్చింది. ఏడుపు ఆగకముందే వాకిట్లో హారను మోగింది. మల్లప్ప ఒక్కడే అరుణమ్మను ఎత్తుకుని సీటులో పడుకోబెట్టాడు. టేపు పీకి స్విచ్చి తిప్పాడు. అంతే, చేవెళ్ల దవాఖాన దాకా ఆ కారు ఎత్తును ఎత్తనలేదు, గుంటను గుంటనలేదు.

ఆ కారును దూరం నుంచే చూసిన ఆయా సరోజమ్మ అప్పటికే స్ట్రెచరుతో గేటు దగ్గరుంది. “మల్లప్పన్న గింత ఉరికిచ్చుకుంట వస్తున్నడంటే ఎవరిదో పానం మీదికొచ్చినట్టే. ఈ ఏడాదిల గిది ఐదోసారి” అన్నది.

అరుణమ్మను లోపలికి తీసుకుపోయాక రేణుక అతని పక్కన కూలబడింది.

“ఆరేండ్ల కింద మా రామమ్మకు గిట్లనే దమ్ము ఆడకపాయె” అన్నాడు మల్లప్ప, నేల చూస్తూ. “నేను గ్యాసు లైన్ల ఉన్న. నా ముంగట ఇరవై బండ్లు. ట్యాంకిల చుక్క పెట్రోల్ లేదు. ఇంటికి పోయేసరికి నా పెండ్లాం లేదు.”

రేణుకకు సిగ్గేసింది. అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి.

“మాకు చెప్తే అయిపోయేది గద కాకా?”

“చెప్తె జాలిపడి మెల్లగ తోస్తరు. తిట్టుకుంట తోస్తెనే బండి కదుల్తది.”

మధ్యాహ్నానికి అరుణమ్మ కళ్లు తెరిచింది. కూతురు వంగి ఏం కావాలని అడిగితే, వేలితో మల్లప్పను చూపించింది. ఆయన గాభరాగా దగ్గరికొచ్చాడు.

“ఇగో మల్లప్పా, ఇంటికి పోయేటప్పుడు జర మెల్లగ తోలు. పొద్దుగాల రోగంతోని కాదు, నీ తోలుడుతోని పోతననుకున్న.”

మల్లప్ప తల గోక్కున్నాడు. “తప్పయింది వదినా” అన్నాడు.