గవరమ్మ చూపించిన గట్టు

గవరమ్మ అండమాన్‌లోని గరాచర్మకి కోడలిగా వచ్చిన కొత్తలో, మామగారు అక్కడి నేలను కూడా సొంతూరి మాటలతోనే పిలిచేవాడు. పశువులు దూరకుండా వెదురు పాతితే దడి. ఇద్దరి భూముల మధ్య మట్టి పోసి, మనుషులు నడవడానికి వదిలితే గట్టు. కొడుకులిద్దరికీ పోకతోట పంచినప్పుడు ఆయన మధ్యలో గట్టే వేయించాడు.

గవరమ్మా, తోడికోడలు సరోజినీ ముప్పొద్దులా దాని మీదనే వచ్చిపోయేవారు. భర్తలు పోయాక ఆ రాకపోకలే ఇద్దరికీ ఆసరా అయ్యాయి.

తోటలు కొట్టేసి ఇళ్లు కట్టాలనుకున్నారు గవరమ్మ కొడుకు గణేష్, సరోజిని కొడుకు చక్రి. కొలవడానికి వచ్చినాయన హద్దెక్కడని హిందీలో అడిగాడు.

"ఈ గట్టే బాబూ. ఇద్దరిదీని," అని చెయ్యి చూపించింది గవరమ్మ.

"దోనోం కా బౌండరీ హై," అని గణేష్ ఆయనకి చెప్పాడు. గట్టంటే అతనికి తెలిసిన అర్థం హద్దు, అంతే. నడిమధ్య తాడు లాగారు. నెల తిరక్కుండా మనిషెత్తు గోడ లేచింది.

"నడిసే దారిరా అది! నాను గోడెట్టమన్నానేటి?"

"రోడ్డుంది కదా అమ్మా, ఘూమ్‌కే వెళ్లు," అన్నాడు గణేష్.

చుట్టూ తిరిగి వెళ్లే ఆ ఎత్తుపల్లాల రోడ్డు గవరమ్మ మోకాళ్లకి పడలేదు. ఇద్దరూ గోడకి చెరోపక్క నిలబడి కేకలేసుకుని మాట్లాడుకునేవారు.

ఓ వానాకాలం పగటిపూట, కొడుకులు పనులకి పోయాక, అవతల దబ్బున చప్పుడైంది.

"అప్పా! పడిపోనాను... రాయే!" అక్కని పిలిచినట్టు పిలిచింది సరోజిని.

"వస్తన్నానే, కదలకు!"

స్టూలెక్కి చేతులు చాచింది గవరమ్మ. నాచుపట్టిన గోడ మీద చేతులు జారిపోయాయి. ఫోన్ చేస్తే గణేష్ ఎత్తలేదు. వానలోనే రోడ్డు మీదికి దిగి, బస్టాపు దాటి, గోడలు పట్టుకుంటూ మళ్లీ ఎత్తెక్కింది. చేరేసరికి సరోజిని నూతిపళ్లెం చప్టా పక్కన వెల్లకిలా పడి ఉంది. తల కింది నెత్తుటిని వాన కడిగేస్తోంది. ఎంత పిలిచినా పలకలేదు.

కర్మలయ్యాక గణేష్ తల దించుకుని, గోడకి తలుపు పెట్టిద్దామన్నాడు.

"అబ్ కౌన్ ఆయేగా, భయ్యా?" అన్నాడు చక్రి. "మా అమ్మే లేదు, ఇంకెవరొస్తారు?"

గవరమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.