తలకిందుల గులాబీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏదైనా చెడిపోతే, బాగుచేయడం తర్వాతి సంగతి. ముందు ఎవరు చెడగొట్టారో తేలాలి. పాలు పొంగిపోతే పొయ్యి ఆర్పకముందే విచారణ మొదలయ్యేది. ఇప్పటికీ ఆ రోగం మా వంశాన్ని వదల్లేదు, నాకు తల ప్రాణం తోకకొస్తోంది.

అప్పుడు నాకు పదేళ్లు. జహీరాబాద్‌లో మాది సున్నం వేసిన రెండు గదుల ఇల్లు. బీదర్ నుంచి వచ్చిన మా పెద్దమ్మ ఒకసారి ముందుగదిలో గోడకు ఆనుకుని కూర్చుని, లేచాక, "మీ ఇంటికొస్తే వీపు తెల్లగయితది" అని పదిమందిలో నవ్వింది. మా అమ్మ కూడా పైకి నవ్వింది గానీ ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఎన్నడూ ఏదీ అడగని మనిషి, బొంబాయి లారీ నడిపే మా బాబాయిని గోడకు అంటించే పూల కాగితం తెమ్మని అడిగింది. ఆయన ఎక్కడో మిగిలిపోయిన రెండు చుట్టలు తెచ్చాడు. కాగితం నిండా నిటారుగా నిలబడ్డ గులాబీ కొమ్మలు. సరిగ్గా ఒక్క గోడకు సరిపోతాయి, మళ్లీ కావాలంటే దొరకవు.

పెద్దమ్మ రేపు వస్తుందనగా మా నాన్న తానే అంటిస్తానని కూర్చున్నాడు. ఆయన మేకు కొడితే మేకు వంకరపోతుంది, మరొకరు కొడతామంటే ఆయన మూతి వంకరపోతుంది. అమ్మ మైదా జిగురు ఉడికించింది. నాన్న బల్ల ఎక్కాడు. జిగురు పూసిన కాగితం పైకొస ఏదో చూసి ఆయన చేతికి అందించడం నా పని. రెండు నిలువు వరుసలు బాగానే అంటుకున్నాయి. మూడోదాని కొస నుంచి జిగురు నా కొత్త లంగా మీద కారబోతుంటే, లంగా కాపాడుకోవాలని చటుక్కున కాగితాన్ని తిప్పి పట్టుకున్నాను. తిప్పినదాన్ని అలాగే అందించాను. నాన్న చూడనే లేదు. జిగురులో ఉండలున్నాయని అమ్మతో వాదిస్తున్నాడు.

ఐదో వరుస కూడా అంటించి ఆయన దిగాక అమ్మ కంటపడింది. గుమ్మానికి సరిగ్గా ఎదురుగా, మూడో వరుసలో గులాబీలన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి. నాన్న మూల పట్టి లాగితే కాగితంతో పాటు సున్నం పెచ్చు ఊడొచ్చింది. ఇక మొదలు. నువ్వు చూడలేదా అంటే నువ్వు చూడలేదా అని. అమ్మ జిగురు, నాన్న తొందర, బాబాయి తెచ్చిన పాత సరుకు, చివరికి పెద్దమ్మ నోరు, అన్నీ బోనెక్కాయి. నేను తలుపు పక్కన గోళ్లలో ఎండిన జిగురు గిల్లుకుంటూ నిలబడ్డాను. చెప్పాలని నోటిదాకా వచ్చేది, నాన్న గొంతు వినగానే వెనక్కి పోయేది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది చూసి కూడా నేను నోరు విప్పలేదు.

గొడవ విని పక్కింటి చాచా వచ్చాడు. ఆయన దర్జీ, మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. తప్పెవరిదో అమ్మా నాన్నా చెరోవైపు నుంచి చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఎవలు చేసిన్రో తర్వాత అడుగుండ్రి భాయ్. ముందుగాల కాయితం ఎంత మిగిలిందో చూపెట్టుండ్రి."

మా ఇంట్లో అలాంటి ప్రశ్న అంతకు ముందు ఎవరూ అడగలేదు. పువ్వుకు పువ్వు కలవడానికి కత్తిరించి పారేసిన ముక్కలు మూలన కుప్పగా పడి ఉన్నాయి. చాచా వాటిని తిరగేసి, నా చేతులకేసి ఒకసారి చూశాడు. ఏమీ అడగలేదు. ఇంటికి వెళ్లి రెండు కత్తెరలు తెచ్చి, ఒకటి నాకిచ్చి, పువ్వును కొమ్మతో సహా ఎలా కత్తిరించాలో చూపించాడు. అలా కత్తిరించిన గులాబీలను తలకిందుల గులాబీల మీద ఒక్కొక్కటిగా నిలబెట్టి అంటించాడు. కింది ఆకులు పక్కల నుంచి కనిపించి కొమ్మలు ఇంకా గుబురుగా ఉన్నట్టే అనిపించింది. మనిషి ఎత్తు వరకు వచ్చేసరికి ముక్కలు అయిపోయాయి. పైన ఇంకా వేలాడుతూనే ఉన్నాయే అని అమ్మ బెంగపడింది.

"గంత పైకెవలు చూస్తరు అక్కా. చూస్తే మెడ వట్టుకుంటది. ఫికర్ చెయ్యకు."

మరునాడు పెద్దమ్మ ఆ గోడకే ఆనుకుని కూర్చుంది. లేచాక అలవాటు కొద్దీ వీపు దులుపుకుంది, చేతికి ఏమీ అంటలేదు. అమ్మ నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది. కనీసం అప్పుడైనా చెప్పేయాల్సింది.

మొన్న మా కొడుకూ కోడలూ టీవీ వెనక గోడకు పూల స్టిక్కర్ కాగితం అంటిస్తూ, బుడగలొచ్చాయని నువ్వంటే నువ్వని గంటసేపు వాదులాడుకున్నారు. కాగితం ఫోన్లో తెప్పించిందే గానీ గొడవ మాత్రం అచ్చం మా నాన్నదే. విసుగొచ్చి, ఎంత మిగిలిందో చూపించండి ముందు అని కసిరాను. ఇద్దరూ నోరు మూసుకుని వెతికితే రెండు మూరలు మిగిలింది. చాచా మాట నన్ను ఇలా ఎన్నోసార్లు గట్టెక్కించింది.

అయితే ఆ మాటలో నేను సగమే నేర్చుకున్నాను. తర్వాత అడగమన్నాడాయన. తర్వాత ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంటికి చుట్టాలెవరొచ్చినా అమ్మ ఆ పైన మిగిలిన పువ్వులు చూపించి, మా ఆయన గులాబీలను తలకిందులు చేసిన్రని నవ్వేది. నాన్న కాదనేవాడు కాదు. తనే చేశాననుకున్నాడు, పోయేదాకా అలాగే అనుకున్నాడు. నా లంగా మీద మాత్రం ఒక్క చుక్క జిగురు పడలేదు.