వరండా చివర క్యారియర్లు

ఆయమ్మ పోయిందన్న కబురు నాకు రాలేదు. మా అమ్మకు వచ్చింది. ఆయమ్మతో పంతొమ్మిదేళ్ళు ఒకే వార్డులో పనిచేసినదాన్ని నేను. ఆమె ఫ్లాస్కులోంచి పోసిచ్చే టీ తాగందే నాకు డ్యూటీ మొదలయ్యేది కాదు. అయినా పొద్దున్నే ఆమె కూతురు ఫోన్ చేసింది మా అమ్మకు. నేను పెరట్లో పళ్ళు తోముకుంటున్నాను. అమ్మ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, గోడకు ఆనుకుని, "ఆయమ్మ పాయె మే" అంది. తెల్లవారుజామున నమాజుకు లేచి, చాప మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. నాకు ఏడుపు రావడానికి ముందు వచ్చిన మాట చెబితే మీరు నన్ను మనుషుల్లో జమకట్టరు. "నాకెందుకు చెయ్యలేదు ఫోను?" అన్నాను.

పోయిన మనిషి మీద కూడా కుళ్ళే. ఇది రాద్దామని కూర్చున్నప్పుడు ఆమె గురించి మంచి మాటలే రాయాలనుకున్నాను. కానీ నా కుళ్ళు పక్కన పెట్టి రాస్తే ఆయమ్మ గురించి నేను చెప్పగలిగింది సగం కూడా ఉండదు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది మంత్రాలయం పోయే దారిలో చిన్న ఊరి ఆసుపత్రి. ముప్పై మంచాలు, ఇద్దరు డాక్టర్లు, నలుగురు నర్సులం. వార్డు ఊడ్చి, మంచాలు తుడిచి, లేవలేనివాళ్ళను లేపి కూర్చోబెట్టే మనిషిని ఆయమ్మ అంటాం. అది ఆమె ఉద్యోగం పేరే గానీ, ఊరంతటికీ అదే ఆమె పేరైపోయింది. నాది వేంపల్లె. ఉద్యోగం వచ్చి ఇటు వచ్చిన కొత్తలో ఈ పల్లెల వాళ్ళ మాట నాకు సగమే అర్థమయ్యేది. దుడ్లు అంటే డబ్బులని చెప్పింది ఆయమ్మే. చలికాలంలో లేవలేనివాళ్ళ కింద పెట్టే బేసిన్‌ను వేడినీళ్ళతో తొలిచి, తుడిచి, అప్పుడు రోగికి ఇచ్చేది. ఎందుకని అడిగితే, "సల్లగ తగిల్తే మనిషికి ఇంటి మీద బెంగ పుడ్తాది" అనేది. నర్సింగ్ కాలేజీలో ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు.

నేను సూదులు వేశాను, సెలైన్లు ఎక్కించాను, కుట్లు విప్పాను. నాకేం దక్కింది? "దండం సిస్టరమ్మా" అని దూరం నుంచి ఒక నమస్కారం. ఆయమ్మకు మాత్రం బస్సుల్లో నిమ్మకాయలు వచ్చేవి, పచ్చి చెనిక్కాయలు వచ్చేవి, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు వచ్చేవి. ఒకసారి ఒక రైతు కుటుంబం పురిటికి వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంటే డాక్టరమ్మ పక్కన నిలబడి మూడు గంటలు అవస్థ పడ్డది నేను. బొడ్డు కోసింది నేను. ఏడవని బిడ్డను ఏడిపించింది నేను. నెల తిరక్కుండానే ఆ పిల్లకు ఆయమ్మ అసలు పేరు పెట్టుకుని, చూపించడానికి ఎత్తుకుని వచ్చారు. రెడ్ల ఇంటి పిల్లకు తురకల పేరు పెట్టుకుంటారా అని వాళ్ళ ఊళ్ళో ఎవరో అడిగితే, "మా బిడ్డ, మా ఇష్టం" అన్నారట. బాగానే ఉంది. నా పేరుకేం రోగం?

ఇక క్యారియర్ల సంగతి. మా వైపు ఒక గట్టి నమ్మకం ఉంది. కడుపు కోసి కుట్లేసిన మనిషి కదిలితే కుట్లు తెగుతాయని. లేచి నాలుగడుగులు వేస్తేనే పుండు మానుతుందని, లేకపోతే కాళ్ళలో రక్తం గడ్డ కడుతుందని మేం చెబుతాం. "సరే సిస్టరమ్మా" అంటారు. నేను అటు తిరగ్గానే అత్తో అమ్మో కాళ్ళ నిండా దుప్పటి కప్పి, మంచంలోనే ముద్దలు పెట్టేస్తారు. నేను అరిచేదాన్ని. అరిస్తే మర్యాదగా కళ్ళు మూసుకునేవారు.

ఆయమ్మ అరిచేది కాదు. మధ్యాహ్నం బస్సుకు ఇళ్ళ నుంచి అన్నం క్యారియర్లు వస్తాయి. వాటినన్నిటినీ వార్డు వాకిట్లోనే తీసుకుని, వరండా చివర ఉన్న నాపరాయి అరుగు మీద వరసగా పెట్టేది. ఒక్కోదాని మూత తీసి వాసన చూసేది. తర్వాత వార్డులోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చెప్పేది.

"మూడో మంచం, నీకు ఉగ్గాని వచ్చిండాది. ఐదో మంచం, నీకు సంగటి, చెనిక్కాయల ఊరిబిండి. మూడో మంచమామె నీ ఊరిబిండి మీద కన్నేసింది, నేను చూసినా. తర్వాత నన్ను అడగొద్దు."

ఐదో మంచం లేచేది. మూడో మంచం దానికంటే ముందు లేచేది. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి పొట్టకు పెట్టుకుని, ఇద్దరూ ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ వరండా పొడుగునా నడిచేవారు. ఆయమ్మ వాళ్ళ వెనకాల చీపురు పట్టుకుని ఊడుస్తున్నట్టు నటిస్తూ పోయేది. పడితే పట్టుకోవడానికి. "ఆకలైతే కాలికి బుద్ధొస్తాది సిస్టరమ్మా" అనేది నాతో.

ఒకరోజు ఒక అత్తగారు నా మీదికి పోట్లాటకు వచ్చింది. "పచ్చి ఒళ్ళు మనిషిని కుక్కకు సూపించినట్ల అన్నం సూపించి నడిపిస్తారా? అడిగేవాళ్ళు ల్యారా మీ ఆస్పత్రిలో?"

నేను చెప్పవలసింది ఒక్క మాట. నడవమని చెప్పింది నేనే, ఆయమ్మ చేసేది సరైన పనే అని. అది నాకు తెలుసు. కానీ ఆ పొద్దుటే ఎవరో ముసలాయన ఆయమ్మ కోసం సీతాఫలాలు తెచ్చి, నన్నే "ఆయమ్మ యాడుందమ్మా?" అని అడిగి, ఒక్క పండైనా చేతిలో పెట్టకుండా పోయాడు. సీతాఫలం కోసం ఇంత పని చేస్తారా అంటారేమో. చేశాను. డాక్టరు సారుకు కాగితం రాశాను. రోగుల భోజనాన్ని వారికి అందకుండా దూరంగా పెడుతోంది, బంధువులు అభ్యంతరం చెబుతున్నారు అని. ఒక్కో మాటా నిజమే. మొత్తంగా చూస్తే అబద్ధం. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, తీసేసినా తీసేస్తారని తెలిసే రాశాను. ఆ సారు కొత్తవాడు, గొడవలంటే భయం. తీసెయ్యలేదు గానీ దుప్పట్లు ఉతికే షెడ్డుకు మార్చాడు.

ఎనిమిది నెలలు. వార్డు ఇక నాదే అనుకున్నాను. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే ఉన్నారు. మా అరుపులు మావే. వచ్చిన ప్రతివాళ్ళూ మొదట అడిగే మాట, "ఆయమ్మ ల్యాదా?"

అప్పుడు మా అమ్మ పడింది. తడి బండ మీద జారి తుంటి ఎముక విరిగింది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి, పదో రోజు మా దగ్గరికి పంపించారు. అక్కడి డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఈ నెలలో నడిస్తే నడిచినట్టు. లేకపోతే మంచమే" అన్నాడు. అమ్మను మా వార్డులోనే పెట్టుకున్నాను. వాకర్ తెచ్చాను. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. "ఇంగొకసారి పడితే సస్తా. నన్నిడిసిపెట్టు మే" అని గోడ వైపు తిరిగేది. పన్నెండు రోజులకు నడుం కింద చర్మం ఎర్రబడింది. అది పుండయ్యే ముందు రంగు. అలాంటి పుండ్లు నేను ఎన్నో కడిగాను. ఎముకలు కనపడినవీ కడిగాను. అమ్మ ఒంటి మీద ఆ ఎరుపు చూసి బాత్రూంలోకి పోయి కూర్చున్నాను.

ముఖం కడుక్కుని షెడ్డుకు పోయాను. ఆయమ్మ దుప్పటి పిండుతోంది.

"మా అమ్మ నడవడం లేదు ఆయమ్మా."

"నడవదు. నడువు నడువు అంటాంటే ఎవురు నడుస్తారు?" దుప్పటి దులిపి తీగ మీద వేసింది. "రేపు మధ్యాన్నం నువ్వు అన్నం తినాకు. ఆకలిగా ఉండు."

"నేనా?"

"నువ్వే."

మర్నాడు అమ్మ మంచాన్ని తలుపు దగ్గరికి జరిపించింది, వరండా అంతా కనపడేట్టు. మంచం వెనకాల ఒక రోగి అక్కను నిలబెట్టింది, గట్టి మనిషి, అమ్మ పడబోతే పట్టుకోవడానికి. మా ఇంటి క్యారియర్‌ను అరుగు మీద పెట్టి నన్ను పిలిచి కూర్చోబెట్టింది. చేతులు కడుక్కుని, చింతాకు పప్పు అన్నంలో కలిపి, ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. నాకు నలభై నాలుగేళ్ళు. యూనిఫాంలో ఉన్నాను. వార్డంతా చూస్తోంది.

మంచం మీద నుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఏంది ఆయమ్మా అది? దానికి చేతుల్లేవా?"

"ఉండాయమ్మా. పెట్టేవాళ్ళే ల్యారు. తల్లి మంచమెక్కింది గదా." ఇంకో ముద్ద పెట్టింది. "పాపం, శానా ఆకలి మీద ఉండాది."

"నా బిడ్డకు పెట్టేదానికి నువ్వెవురు?"

"అయితే నువ్వే వచ్చి పెట్టు. ఇంగా నాలుగు ముద్దలుండాయి."

అమ్మ కాళ్ళు కిందికి దించింది. నేను లేవబోయాను. ఆయమ్మ పప్పు అంటిన చేత్తోనే నా మణికట్టు పట్టుకుని, "కదలాకు. నువ్వు లేస్తే ఆమె కూసుంటాది" అంది మెల్లగా. నేను కదల్లేదు. అమ్మ వాకర్ పట్టుకుంది. ఒక అడుగు వేసి ఆగింది. మూలిగింది. ఆయమ్మను బండబూతులు తిట్టింది. ఇంకో అడుగు వేసింది. పదిహేను అడుగులు పట్టాయి. చెమటతో అరుగు మీద కూలబడి, కంచం లాక్కుని, "ఇదేం కలపడం? నెయ్యి యాడ?" అంటూ ముద్ద నా నోట్లో పెట్టింది. నేను ఏడుస్తూ తిన్నాను. ఆయమ్మ చీపురు తీసుకుని అటు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రానికి ఆసుపత్రంతా ఒకటే మాట. సిస్టరమ్మ వాళ్ళమ్మను ఆయమ్మ నడిపించిందట. విన్నారా? ఆకలితో మాడింది నేను. అయినా పేరు ఆమెకే.

మరుసటి వారం డాక్టరు సారుకు ఇంకో కాగితం రాసి ఆయమ్మను వార్డుకు రప్పించాను. టీ పోసిచ్చింది. గ్లాసు పట్టుకుని, "మొదటి కాగితం రాసింది కూడా నేనే" అన్నాను.

"తెల్సులే. ఆ పొద్దు నువ్వు నా టీ తాగల్యాదు."

"తెలిసీ వచ్చావా?"

"కుళ్ళు శానా మంచి మందు సిస్టరమ్మా. దాంతోనే గదా నేను అందర్నీ నడిపించేది. డోసు ఎక్కువైతేనే కష్టం." నా గ్లాసు వైపు చూసింది. "తాగు, సల్లారిపోతాది."

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె టీ ఒక్కరోజూ వదల్లేదు. ఆమెకు నాకంటే మా అమ్మే దగ్గరైంది, అందుకని కుళ్ళు తగ్గిందని మాత్రం చెప్పను.

మొన్న కబురు రాగానే అమ్మా నేనూ ఆయమ్మ ఇంటికి పోయాం. సందులో అడుగు పెట్టడానికి చోటు లేదు. పల్లెల నుంచి ఆటోల్లో వచ్చారు. ఆ పిల్లను, ఆయమ్మ పేరున్న పిల్లను, స్కూలు బట్టల్లోనే తెచ్చారు. నేను పోతే ఇంతమంది వస్తారా అని లెక్క వేసుకున్నాను, ఆ నిమిషంలో కూడా. మగవాళ్ళు జనాజా ఎత్తుకుని ఖబరస్తాన్ వైపు కదిలారు. ఆడవాళ్ళం ఇంట్లో మిగిలాం. ఆయమ్మ కూతురు గోడకు ఆనుకుని కూర్చుంది. పొద్దుట్నుంచి నీళ్ళు కూడా ముట్టలేదట. ఎవరు ఏం పెట్టబోయినా తల తిప్పేస్తోంది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదని అమ్మ ఇంటి నుంచి క్యారియర్ తెచ్చింది. దాన్ని ఆయమ్మ కూతురి దగ్గరికి తీసుకుపోలేదు. నడవ అవతలి చివర స్టూలు వేయించుకుని కూర్చుని, మూత తీసింది.

"చింతాకు పప్పు. నెయ్యేసినా. వేడిగా ఉండాది" అంది గట్టిగా. అమ్మ అన్నం కలుపుతూ నా వైపు గడ్డం ఎగరేసింది. "జల్దీ రా పాపా. మా పిల్ల కన్ను దీని మీదనే ఉండాది. తర్వాత నన్ను అడగొద్దు."

ఆయమ్మ కూతురు తల ఎత్తింది. గోడ పట్టుకుని లేచి, మెల్లగా నడిచి వచ్చి అమ్మ మోకాళ్ళ దగ్గర కూర్చుంది. అమ్మ ముద్ద చేసి నోట్లో పెట్టింది. రెండో ముద్దకు ఆ పిల్ల అమ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా తల్లి చెయ్యి, నా ఇంటి పప్పు. కడుపులో భగ్గుమంది. నేనూ పొద్దుట్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. కాళ్ళు వాటంతటవే కదిలాయి. అమ్మ నా వైపు చూడలేదు. ఎడమ చేత్తో ఆ పిల్ల తల నిమురుతూ, కుడి చేతిలో ముద్ద పట్టుకుని, నేను నడిచి వచ్చేదాకా అలాగే చాచి ఉంచింది.