కత్తి మాస్టారు కొయ్యని మడత

ప్రెస్సులో ఆమెను అందరూ మడతలక్క అనేవారు. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను పుస్తకం పేజీలుగా మడవడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. చెక్కబద్దతో ఒక్కసారి నొక్కిందంటే ఏ కాగితమైనా నోరు మూసుకుని మాట వినాల్సిందే. ఇంట్లో దుప్పట్లు సరే, కూరగాయల సంచులు కూడా అంచుకి అంచు కలిసి కూర్చునేవి.

ఆమె మడిచినవన్నీ నేరుగా ఎదురుబల్లకి, కత్తి మాస్టారి దగ్గరికి వెళ్లేవి. మడతపడి మూసుకున్న అంచుల్ని ఆయన కోస్తే గాని పేజీలు తెరుచుకోవు. ఆయన కోత వెంట్రుకవాసి పక్కకు పోయిందని ఎవరూ ఎరగరు. ఆయన ప్రెస్సుకి వచ్చిన పన్నెండేళ్లలో ఇద్దరూ మాట్లాడుకున్న మాటలన్నీ పోగేస్తే ఒక పోస్టుకార్డు నిండదు.

అలాంటి మనిషి డిసెంబరు మొదట్లో ఒకరోజు మిషను ఆపి, చేతులు తుడుచుకుని, ఉన్నట్టుండి అడిగేశాడు.

"కొత్త ప్రెస్సువాళ్లు రమ్మంటున్నారండీ. క్రిస్మస్ సాయంత్రంలోగా చెప్పాలి. మీరు నన్ను పెళ్లి చేసుకుంటానంటే ఇక్కడే ఉండిపోతాను. వద్దంటే మాత్రం... రోజూ మీ ఎదురుగా నిలబడి పనిచెయ్యడం నావల్ల కాదండీ."

మడతలక్క నోరు తెరిచింది. ఎక్కిళ్లు వచ్చాయి. చిన్నప్పటి నుంచీ అంతే, మనసులో మాట గొంతుదాకా వస్తే దాని ముందు ఎక్కిళ్లు వచ్చి నిలబడతాయి. ఒక్క పరుగున గోదాంలోకి పోయి, కాగితం కట్టల వెనక కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆమెకప్పుడు నలభై ఆరేళ్లు.

జవాబు సరేనని మొదటి ఎక్కిలికి ముందే ఆమెకు తెలుసు. చెప్పడమే కుదరడం లేదు. ఆ వారంలో మూడుసార్లు ప్రయత్నించింది, మూడుసార్లూ ఎక్కిళ్లే. మూడుసార్లూ పాపం ఆయనే పరుగెత్తి నీళ్లు తెచ్చిచ్చాడు.

"నోటితో కాకపోతే చేత్తో చెప్పు. క్రిస్మస్ కార్డు చేసివ్వు" అంది చెల్లెలు. ఆ చెల్లెలు చిన్నపిల్లల బడిలో టీచరు. నోట్లో నువ్వుగింజ నానని మనిషే గాని, అవసరానికి మంచి సలహా ఇస్తుంది. బడి నుంచి రబ్బరు స్టాంపుల పెట్టె కూడా పట్టుకొచ్చింది. అందులో పిట్ట, నక్షత్రం, క్రిస్మస్ చెట్టు, గంట ఉన్నాయి. పుస్తకాల అట్టల లోపల అంటించగా మిగిలిన పూల కాగితం, గళ్ల కాగితం ముక్కలు మడతలక్క దగ్గర డబ్బా నిండా ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే వంటింటి బల్ల ఖాళీ చేసి కూర్చున్నారు. ఆరోజు మడతలక్క కాళ్లు నేలమీద ఉన్నాయంటే నేను నమ్మను. ఎర్ర ఇంకులో అద్ది పిట్టను ఠపీమని కొట్టింది. ఆకుపచ్చలో అద్ది చెట్టును కొట్టింది. తనలో తనే నవ్వుకుంటూ చేతిలో స్టాంపుతోనే ముక్కు గోక్కుంటే ముక్కుమీద సగం నక్షత్రం పడింది. నీలం గళ్ల కాగితాన్ని సన్నని పట్టీలుగా కత్తిరించి అంచుల వెంట అంటించింది. బొమ్మల మధ్య ఎర్ర ఇంకుతోనే తన జవాబు రాసింది.

చెల్లెలు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అక్కా, సగం బొమ్మలు తలకిందులుగా కొట్టావే! పెళ్లి మాట వినేసరికి మతి పోయిందా?"

"పోతే పోయింది గాని, మడిస్తే అన్నీ లేచి నిలబడతాయి చూడు."

చెప్పినట్టే రెండు మడతలు వేసి, చెక్కబద్దతో నొక్కి, వీపున ఎర్రదారంతో కుట్టేసరికి ఎనిమిది పేజీల బుల్లి పుస్తకమైంది. పిట్టలన్నీ బుద్ధిగా నిలబడ్డాయి. అక్కాచెల్లెళ్లిద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

సోమవారం పొద్దున ఆయన చేతిలో పెట్టి, ఎక్కిళ్లు అందుకునేలోపే పారిపోయింది. మధ్యాహ్నం ఆయన వచ్చి, "చాలా బావుందండీ, థాంక్స్" అన్నాడు. అంతే. మంగళవారం తల ఎత్తలేదు. బుధవారం, సెలవులకు ముందు ఆఖరి రోజు, తన సానరాయి, కొలబద్ద గుడ్డలో మూటకట్టుకోవడం మొదలుపెట్టాడు.

మడతలక్క చేతిలో కాగితం సగం మడతలో ఆగింది. సరేనని రాసిచ్చాక ఈయన మూట కడుతున్నాడంటే, మనసు మారిపోయిందన్నమాట. ఏడుపు తన్నుకొస్తుంటే తల తిప్పుకోబోయి, ఆయన చొక్కా జేబు వంక చూసింది. కార్డు అందులోనే ఉంది. నీలం గళ్ల పట్టీ పైకి కనిపిస్తోంది. పై అంచు మూసే ఉంది.

మడవడం ఆమె పని, కొయ్యడం ఆయన పని. ఇరవై ఆరేళ్లు అలవాటుపడ్డ చెయ్యి ఆ అంచును కొయ్యకుండా ఆయనకే వదిలేసింది. జవాబు రాసిన పేజీలు దాని లోపలే ఉండిపోయాయి. ఈ మనిషి అట్టమీది పిట్టను, నడిమి పేజీల్లో చెట్టును, చివర గంటను చూసుకుని, లోపల మాటే లేదనుకున్నాడు. మర్యాదగా వద్దన్నారనుకుని మూట కట్టాడు!

చెప్పబోయింది. ఎక్కిళ్లు! జేబు వైపు వేలు చూపించింది.

"తిరిగిచ్చెయ్యమంటారా?" ఆయన కార్డు బయటికి తీశాడు, ముఖం వాడిపోయింది.

కాదని తల అడ్డంగా ఊపి, ఎక్కిళ్లు పెడుతూనే బల్లమీది చిన్నకత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది కొయ్యాలా?" ఆయన కార్డు వెనక్కి దాచుకున్నాడు. "అంచు మూసుందని మొదటిరోజే చూశానండీ. చెయ్యి దురద పెట్టింది కూడా. కానీ మీరు చేసిచ్చినదాని మీద కత్తి ఎలా పెట్టను?"

"కొ... కొయ్యండి!"

కోశాడు. రెండో పేజీ, మూడో పేజీ తెరుచుకున్నాయి. ఆమె అక్షరాలు ఎర్రగా, పెద్దగా ఉన్నాయి: 'సరే. వెయ్యిసార్లు సరే. వెళ్లకండి.' ఇంకో మడత కోస్తే పక్కపక్కన రెండు పిట్టలు.

ఆయన ఆ అక్షరాల మీద వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాడు. తర్వాత కార్డును వెలుగులోకి ఎత్తి అంచు చూసుకుని తెల్లబోయాడు. కోత కొండదారిలా వంకర టింకరగా వచ్చింది.

"ఇదిగో చూడండి. ఇన్నేళ్ల సర్వీసులో ఇలా ఎప్పుడూ కొయ్యలేదండీ."

మడతలక్క చూసింది. ఎక్కిళ్లు ఆగిపోయాయి.

"పర్వాలేదు, అలాగే ఉండనివ్వండి" అంది.